టిక్కీ వెంట నడుద్దాం, లెక్క అడుగుదాం

ఆసియా దేశాలు ఎదుగుతున్నాయట. చైనా ఎదిగింది, వియత్నాం ఎదుగుతోంది, బంగ్లాదేశ్ ఎదుగుతోంది, ఇండోనేషియా ఎదుగుతోంది. అక్కడికి సరుకు పంపండి, అక్కడి నుంచి సరుకు తెప్పించుకోండి, నాలుగు డబ్బులు చేసుకోండి అని పెద్ద హోటళ్ళలో సదస్సులు పెట్టి సూటు బూటు దొరలు పాఠాలు చెబుతున్నారు. ఏ దేశంలో ఏ సరుకు చవక, ఏ రేవులో సుంకం తక్కువ, ఎవరితో ఎట్లా బేరమాడాలి, అన్నీ చెబుతారు. ఒక్క సంగతి మాత్రం చెప్పరు. ఆ సరుకు అంత చవగ్గా ఎందుకు దొరుకుతోంది? ఎవరి నడుము విరిగితే అంత చవకయింది?

ఈ సదస్సులతో మనకేం పని, మనం కూలీనాలీ జనం అని పక్కకు పోవద్దు. నరసరావుపేట, మాచర్ల, గురజాల చుట్టూ ఉన్న మాలపల్లెలు, మాదిగపల్లెలు ఈ ఆసియా వ్యాపారంలో ఎప్పుడో దిగిపోయాయి. తెల్లారకముందే సద్ది కట్టుకొని ఆటో ఎక్కే ప్రతి అక్కా విదేశీ వ్యాపారం చేస్తున్నట్టే లెక్క. ఆమె కోసిన కాయ సముద్రం దాటుతోంది. ఆమె పేరు మాత్రం పొలం గట్టు కూడా దాటడం లేదు. మేం ఈ నాలుగు పేజీలు రాసేది ఆ సంగతి మీదే.

టిక్కీ ఎక్కడికి పోతుంది?

మన మిరపకాయ ముందు కల్లంలో ఎండుతుంది. తాలు వేరుచేసి, టిక్కీలకు ఎత్తి, గుంటూరు యార్డుకు తోలతారు. అక్కడ కమీషన్ కొట్టులో బేరం తెగుతుంది. కొంత సరుకు కోల్డ్ స్టోరేజీకి పోతుంది, కొంత ఎగుమతి వ్యాపారి గోడౌనుకు పోతుంది. గోడౌనులో తొడిమలు తీయించి, రకం వారీగా ఏరించి, కంటైనరుకు ఎక్కించి రేవుకు పంపుతారు. రేవు నుంచి చైనా, బంగ్లాదేశ్, థాయిలాండ్, శ్రీలంక, మలేషియా, ఇండోనేషియా, వియత్నాం.

ఇది చిల్లర బేరం కాదు. 2023-24లో మన దేశం నుంచి 6 లక్షల టన్నుల మిరప ఎగుమతి అయింది. దాని విలువ 12 వేల కోట్ల రూపాయల పైమాటే. దేశం నుంచి పోయే సుగంధ ద్రవ్యాలన్నిటిలో పెద్ద పీట మిరపదే. అందరికంటే పెద్ద కొనుగోలుదారు చైనా. మన చేలల్లో కాసే తేజ రకం అంటే వాళ్ళకు మోజు. దాని ఘాటు వంటకు పనికొస్తుంది, దాన్నుంచి తీసే నూనె ఫ్యాక్టరీలకు పనికొస్తుంది. గుంటూరు జిల్లాను చీల్చి 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా చేశారు గాని, మన కాయ ధర ఇప్పటికీ గుంటూరు యార్డులోనే పలుకుతోంది. నిజం చెప్పాలంటే గుంటూరులో కూడా కాదు, చైనా నుంచి వచ్చే ఆర్డరులో పలుకుతోంది.

ఇప్పుడు ఈ దారిలో ఎవరెవరు నిలబడ్డారో చూడండి. విదేశీ కొనుగోలుదారు. అతని కింద ఎగుమతి వ్యాపారి. అతని కింద కమీషన్ ఏజెంటు. అతని కింద భూమి ఉన్న ఆసామి. ఆసామి కింద కౌలుదారు. కౌలుదారు కింద మేస్త్రీ. మేస్త్రీ కింద కోత కూలి. పైనున్న ప్రతివాడికీ ఒక కాగితం ఉంది. ఒకరికి ఇన్‌వాయిస్, ఒకరికి లైసెన్సు, ఒకరికి పట్టాదారు పుస్తకం. అడుగున ఉన్న ఆడకూలికి ఏ కాగితం ఉంది? మేస్త్రీ జేబులో చిన్న పుస్తకంలో ఒక గీత. అదీ పెన్సిలు గీత.

దళితుడు ఈ నిచ్చెనలో ఏ మెట్టు మీద ఉన్నాడో మేం ప్రత్యేకంగా చెప్పాలా? కిందికి పోయేకొద్దీ మనవాళ్ళు ఎక్కువ, పైకి పోయేకొద్దీ మనవాళ్ళు తక్కువ. బాబాసాహెబ్ అంబేద్కర్ 1936లోనే తేల్చి చెప్పాడు, కులమంటే పనిని పంచడం ఒక్కటే కాదు, పనిచేసే మనుషుల్ని మెట్లు మెట్లుగా పంచడమని. ఆ మాట రుజువు కావాలంటే పుస్తకాలు తిరగెయ్యక్కర్లేదు. ఒక్క మిరపకాయ టిక్కీ వెంట నడిస్తే చాలు.

ఇంకో విడ్డూరం చూడండి. మనం ముట్టిన గ్లాసులో టీ తాగడానికి ఒకప్పుడు హోటళ్ళలో రెండు గ్లాసులు పెట్టారు. మనం ముట్టిన చెరువు నీళ్ళు మైల పడ్డాయన్నారు. మరి మనం ముట్టని మిరపకాయ ఏది? మనం కోసి, మనం ఎండబోసి, మనం తొడిమ తీసిన కాయే వాళ్ళ పచ్చట్లోకి పోతోంది, వాళ్ళ పులుసులోకి పోతోంది. లాభం వచ్చేచోట అంటు లేదు. కూర్చోబెట్టి మాట్లాడేచోట మాత్రం అంటు వచ్చింది.

అరువు కులం చూసి పుడుతుంది

"మిమ్మల్ని వ్యాపారం చేయొద్దని ఎవరన్నారు? యార్డు తలుపులు తెరిచే ఉన్నాయిగా" అంటారు పెద్దమనుషులు. తలుపులు తెరిచే ఉన్నాయి. మనం బస్తా మోసుకుంటూ పోవడానికి తెరిచి ఉన్నాయి. ముఠాలో హమాలీగా పోవచ్చు. కొట్టు యజమానిగా పోవాలంటేనే తంటా.

ఎందుకో విడమరిచి చెబుతాం. మిరప వ్యాపారానికి పెట్టుబడంటే నోట్ల కట్టలు ఒక్కటే కాదు, అరువు. నాటు వేసేటప్పుడు విత్తనానికి, నారుకు, మందులకు కమీషన్ ఏజెంటు రైతుకు అప్పిస్తాడు. పంట రాగానే రైతు ఆ కొట్టుకే కాయ తోలాలి. అసలూ వడ్డీ పట్టుకొని మిగిలింది చేతిలో పెడతాడు. కొనేవాడు కూడా సరుకు ఎత్తుకుపోయి డబ్బు తర్వాత పంపుతాడు. అప్పటిదాకా ఆ బరువు కొట్టువాడు మోయాలి. మొత్తం వ్యాపారం అరువు మీద నడుస్తుంది. అరువు నమ్మకం మీద నడుస్తుంది. ఆ నమ్మకం మేనమామ, బావమరిది, వియ్యంకుడు అనే దారుల్లో నడుస్తుంది. మాల మాదిగలకు యార్డులో వియ్యంకుడు ఎక్కడ దొరుకుతాడు?

బ్యాంకుకు పొమ్మంటారు. 2016లో కేంద్రం స్టాండప్ ఇండియా అని పథకం పెట్టింది. ప్రతి బ్యాంకు శాఖా కనీసం ఒక ఎస్సీకో ఎస్టీకో, కనీసం ఒక మహిళకూ 10 లక్షల నుంచి కోటి దాకా అప్పివ్వాలన్నారు. మన నరసరావుపేటలో, మాచర్లలో, గురజాలలో, పిడుగురాళ్ళలో ఎన్ని బ్యాంకు శాఖలున్నాయి? ఒక్కో శాఖ ఏ దళితుడికి, ఏ వ్యాపారానికి, ఎంత అప్పిచ్చింది? ఊరూరా ఈ ప్రశ్న వేసి చూడండి. మేనేజరు ముందు నీ పూచీ ఏందంటాడు. భూమి లేనివాడు పూచీ ఎక్కణ్ణుంచి తెస్తాడు? భూమి లేకుండా చేసిన వాళ్ళే పూచీ అడుగుతున్నారు.

ప్రభుత్వం కూడా పెద్ద కొనుగోలుదారే. కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు కొనే సరుకులో 4 శాతం ఎస్సీ ఎస్టీల చిన్న పరిశ్రమల దగ్గర కొనాలని 2012లో ఉత్తర్వు తెచ్చారు. నూటికి నాలుగు! జనాభాలో మనమెంత, ఆ నాలుగెంత? ఆ నాలుగు కూడా ఏళ్ళ తరబడి నిండలేదు. విదేశీ కొనుగోలుదారుకు మనమెవరమో తెలియదనుకుందాం. మన ఓట్లతో గద్దెనెక్కిన ప్రభుత్వానికి కూడా మనం కొనే చోట కనబడమా?

నాణ్యత ఎవరి చేతిలో ఉంది?

విదేశాల వాళ్ళు కొనేముందు ఏమేం అడుగుతారో తెలుసుకోండి. రంగెంత? ఘాటెంత? తేమెంత? తాలెంత? తొడిమ ఉందా, తీశారా? పురుగుమందు అవశేషాలెంత? బూజు విషం ఉందా? ఈ బూజు విషాన్ని అఫ్లాటాక్సిన్ అంటారు. ఐరోపా వాళ్ళ లెక్కలో మిరపలో అది వంద కోట్ల పాళ్ళలో పది పాళ్ళు మించితే సరుకు పనికిరాదు. వంద కోట్లలో పది! అంత సన్నంగా కొలిచే త్రాసులు ఈ వ్యాపారం దగ్గర ఉన్నాయి.

2003లో ఫ్రాన్సు దేశం మన మిరపపొడిలో సూడాన్ అనే కల్తీ రంగు పట్టుకుంది. గగ్గోలు లేచింది. ఆ ఏడాదే స్పైసెస్ బోర్డు పరీక్ష తప్పనిసరి చేసింది. పరీక్ష చీటీ లేకుండా సరుకు ఓడెక్కదు. మంచిదే, తినేవాడి ప్రాణం కాపాడాల్సిందే. కాని మేం అడిగేది ఇది. తినేవాడి కడుపులోకి పోయే రంగును కొలిచిన వాళ్ళు, తొడిమలు తీసే అక్క ఊపిరితిత్తుల్లోకి పోయే ఘాటును ఎప్పుడు కొలుస్తారు? మూసిన గోడౌన్లలో పొద్దుగూకులు కూర్చొని, ముక్కుకు పైట చెంగు కట్టుకొని, దగ్గుతూ తుమ్ముతూ, మండే వేళ్ళతో పసిబిడ్డను ఎత్తుకోవడానికి కూడా భయపడే తల్లి బాధకు ఏ ప్రయోగశాల ఉంది? వంద కోట్లలో పది పాళ్ళు కొలవగలిగినోళ్ళు, ఒక మనిషి రోజుకు ఎన్ని గంటలు నడుం వంచిందో కొలవలేరా?

అసలు వాళ్ళు డబ్బిచ్చి కొనే ఆ నాణ్యత ఎవరి చేతిలో పుడుతోంది? పండిన కాయను పచ్చి కాయను చూసి కోసేది ఎవరు? తాలును ఏరి అవతల పారేసేది ఎవరు? మట్టి తగలకుండా, మంచు పడకుండా, బూజు పట్టకుండా పట్టాల మీద ఎండబోసి తిరగేసేది ఎవరు? తొడిమ తీసేది ఎవరు? తొడిమ తీసిన కాయకు ఎక్కువ ధర కట్టేది దేనికి? ఆ తీసిన చేతికి కాదా? మేలురకం అని వాళ్ళు సంచి మీద అచ్చు వేసుకునే ఆ మాట మన ఆడవాళ్ళ కష్టానికి ఇంకో పేరు. కష్టం మాది, పేరు సంచిది, డబ్బు కొట్టుది. ఇదేం న్యాయం?

ధర పెరిగినా మనకు లేదు, తరిగినా మనమీదే

"రైతే మునిగిపోతుంటే కూలి ఎక్కడ పెంచమంటారు?" ఇది ఊళ్ళల్లో మనకు ఎదురయ్యే మొదటి మాట. రైతు మునగడం అబద్ధమని మేం అనం. 2017లో ధర కుప్పకూలింది. కేంద్రం క్వింటాలుకు 5,000 రూపాయల చొప్పున మన రాష్ట్రంలో 88,300 టన్నులు కొనిపిస్తామంది. 5,000 రూపాయలకు కోతకూలి కూడా రాదని రైతులు మొత్తుకున్నారు. 2020 మొదట్లో చైనాలో కరోనా వచ్చి ఆర్డర్లు ఆగాయి. అక్కడ జబ్బు, ఇక్కడ ధర పతనం. 2021లో నల్ల తామర పురుగు పడి చేలకు చేలు ఊడ్చుకుపోయాయి. ఆ పురుగు కూడా ఆగ్నేయాసియా నుంచి వచ్చిందేనని శాస్త్రజ్ఞులు చెప్పారు. 2025లో మళ్ళీ ధర పడింది. కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు లెక్కగట్టింది.

రైతు కష్టం రైతుదే. కాని ఆ రైతుల్లో కౌలుకు చేసేవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు గదా, వాళ్ళ గతేంటి? ఎకరాకు ఇంత అని ముందే కౌలు కట్టాలి. పంట పోయినా, ధర పడినా కౌలు తగ్గదు. 2019లో సాగుదారు హక్కు చట్టమని తెచ్చి కార్డులిస్తామన్నారు. దానికి భూమి యజమాని సంతకం పెట్టాలన్నారు. పులి సంతకం పెడితే మేకకు రక్షణ కార్డు ఇస్తారన్నమాట! ధర పడినప్పుడు సర్కారు ఇచ్చే తేడా డబ్బు ఎవరి పేరుతో పంట నమోదయి ఉంటే వాళ్ళకే. కౌలుదారుడు దున్నింది, తడిపింది, అప్పుచేసింది ఏ పుస్తకంలో ఉంటుంది?

ఇక కోతకూలి సంగతి. 2023లో తేజ రకం క్వింటాలు 20 వేలు దాటి పలికింది. ఆ ఏడు కూలి ఆ దామాషాలో పెరిగిందా? లేదు. 2025లో ధర పడగానే కూలి తగ్గించమన్నారా లేదా? అన్నారు. అంటే పెరిగినప్పుడు బజారు ధర్మం, తరిగినప్పుడు ఊరి ధర్మం. లాభంలో మనం పరాయోళ్ళం, నష్టంలో మాత్రం బంధువులం.

సర్కారుకు ఎవరు ముద్దో ఇంకో సంగతి చెబుతుంది. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు దేశంలో వలసకూలీలు బిడ్డల్ని చంకనేసుకొని వందల మైళ్ళు నడిచారు. అదే ఏడు జూలైలో గుంటూరు దగ్గర రెడ్డిపాలెం నుంచి బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కు ఎండుమిరపకాయలతో ప్రత్యేక పార్శిల్ రైలు పోయింది. 16 పెట్టెలు, 384 టన్నులు. దేశం సరిహద్దు దాటిన మొదటి పార్శిల్ రైలు అని గొప్పగా చెప్పుకున్నారు. మిరపకాయకు రైలు వేయొద్దని మేం అనం. ఆ కాయ కోసిన వాళ్ళకు కనీసం బస్సు ఎందుకు లేదని అడుగుతున్నాం.

రోడ్డు మీద రాలిన ప్రాణాలు

ఈ ప్రశ్న ఊరికే అడగడం లేదు. 2023 మే నెలలో నల్గొండ వైపు నుంచి గురజాల మండలానికి మిరప పనికి వస్తున్న ఆడకూలీల ఆటోను దాచేపల్లి మండలం పొందుగుల దగ్గర లారీ గుద్దింది. తెల్లవారుజామున రోడ్డంతా నెత్తురయింది. 2025 ఫిబ్రవరిలో ముప్పాళ్ళ మండలం బొల్లవరం దగ్గర మిరపకోత కూలీల ట్రాక్టరు బోల్తాపడి నలుగురు ఆడవాళ్ళు చనిపోయారు. పేపర్లో రెండు రోజులు వార్త. నాయకులొచ్చి దండలు వేశారు. మూడో రోజు మళ్ళీ అదే ట్రాక్టరు, అదే ఆటో, అంతే మంది జనం.

ఇది ప్రమాదం కాదు, లెక్క. సరుకు తోలే ట్రాక్టరులో మనుషుల్ని తోలకూడదని చట్టం ఉంది. ఎందుకు తోలుతున్నారు? బస్సు పెడితే ఖర్చు. ఆ ఖర్చు కాయ ధర మీద పడుతుంది. కాయ ధర పెరిగితే విదేశీ బేరం పోతుందంటారు. అంటే విదేశానికి చవగ్గా అమ్మడం కోసం ఇక్కడ మన ప్రాణం చవక చేశారు. అటు టిక్కీకి బీమా ఉంది, కంటైనరుకు బీమా ఉంది, ఓడకు బీమా ఉంది. టిక్కీ నింపిన మనిషికి లేదు.

కర్నూలు పడమటి ఊళ్ళు, ఆదోని, కోసిగి, మంత్రాలయం నుంచి ఏటా వేల కుటుంబాలు పత్తికీ మిరపకూ గుంటూరు, పల్నాడు చేలకు వస్తాయి. పిల్లలు బడి మానేసి వెంట వస్తారు. చెట్ల కింద, కల్లాల పక్క గుడారాలు వేసుకుంటారు. వాళ్ళను మన కూలీల మీద పోటీకి తెచ్చారని కొందరు మన చెవిలో ఊదుతారు. వినొద్దు. వాళ్ళూ మనలాంటి జనమే. ఆ ఊరి ఆకలిని తెచ్చి ఈ ఊరి కూలి తగ్గించడం ఆసామి ఎత్తు. చైనా కూలీకి బంగ్లాదేశ్ కూలీని, బంగ్లాదేశ్ కూలీకి వియత్నాం కూలీని పోటీ పెట్టే విదేశీ కంపెనీది కూడా అదే ఎత్తు. పేర్లు మారాయి, పద్ధతి ఒక్కటే.

కొనేవాడు దిగొచ్చిన చోట్లు

అయితే మరి ఏం చేద్దాం? ఎక్కడో సముద్రం అవతల కూర్చున్న కొనుగోలుదారుడి మెడలు మనమెట్లా వంచగలం? వంచిన వాళ్ళున్నారు. రెండు సంగతులు చెబుతాం.

2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో ఢాకా పక్కన సావర్‌లో రాణా ప్లాజా అనే ఎనిమిది అంతస్తుల మేడ కూలింది. అందులో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలున్నాయి. గోడలకు ముందురోజే బీటలు పడ్డాయి. అయినా జనాన్ని లోపలికి తోలారు. 1,100 మందికి పైగా చనిపోయారు. వాళ్ళు కుట్టిన చొక్కాలు ఐరోపా, అమెరికా దుకాణాలవి. మాకేం తెలియదన్నారు ఆ కంపెనీల వాళ్ళు. కార్మిక సంఘాలు ఊరుకోలేదు, ఆ దేశాల జనం కూడా ఊరుకోలేదు. ఒక్క నెల తిరక్కుండా కంపెనీలూ సంఘాలూ కలిసి ఒప్పందం మీద సంతకాలు పెట్టాల్సి వచ్చింది. తర్వాత 200కు పైగా కంపెనీలు చేరాయి. ఫ్యాక్టరీలను ఇంజనీర్లు తనిఖీ చెయ్యాలి, లోపం ఉంటే సరిచెయ్యాలి, మాట తప్పితే కోర్టుకు ఈడ్చొచ్చు. అదీ ఆ ఒప్పందం.

రెండోది మన పక్క రాష్ట్రంలోది. తమిళనాడు దిండిగల్ జిల్లాలో విదేశీ కంపెనీలకు బట్టలు కుట్టే ఒక మిల్లులో పనిచేసే ఇరవై ఏళ్ళ దళిత యువతి 2021 జనవరిలో హత్యకు గురైంది. సూపర్‌వైజరు మీద కేసు పెట్టారు. దళిత ఆడవాళ్ళే ముందుండి నడిపే తమిళనాడు టెక్స్‌టైల్ అండ్ కామన్ లేబర్ యూనియన్ ఆ కేసును శవపేటికతో పాటు పూడ్చనివ్వలేదు. ఆ బట్టలు ఎవరు కొంటున్నారో వెతికి పట్టుకుంది. 2022 ఏప్రిల్‌లో మిల్లు యాజమాన్యం, హెచ్ అండ్ ఎం అనే పెద్ద విదేశీ కంపెనీ ఒప్పందానికి రావాల్సి వచ్చింది. ఆడవాళ్ళ మీద వేధింపులతో పాటు కుల వివక్ష కూడా అందులో నేరమని రాయించారు. మిల్లులోనే పనిచేసే ఆడవాళ్ళను కాపలాగా పెట్టించారు. మాట వినని మిల్లు ఆర్డరు పోగొట్టుకుంటుంది.

ఆ అక్కలేమీ లండన్‌లో చదువుకొని రాలేదు. వాళ్ళు చేసింది ఒక్కటే. తమ చేతిలోంచి పోయిన సరుకు వెంట చివరిదాకా నడిచారు. యజమాని దగ్గర ఆగిపోలేదు.

మిరపలో ఆ పని ఇంకా ఎవరూ మొదలుపెట్టలేదని చేతులు కట్టుకుంటే ఎట్లా? కొనేవాడు చైనావాడైనా, జర్మనీవాడైనా, మన దేశపు మసాలా కంపెనీవాడైనా సరుకు గురించి వంద ప్రశ్నలు అడుగుతున్నాడు. నూట ఒకటో ప్రశ్న మనం అడిగించాలి. కోసిన చేతికి ఎంత ఇచ్చారు? జర్మనీ 2023లో అమల్లోకి తెచ్చిన చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు తమ సరుకు పుట్టిన చోట మనుషుల హక్కులకు కూడా కొంత జవాబు చెప్పాలి. ఆసియా కొనుగోలుదారులకు అట్లాంటి బెడద తక్కువ. అందుకే మన ఎగుమతి వ్యాపారులకు ఆసియా బేరం అంత తియ్యగా ఉంది. అడిగేవాడు లేని చోట అడగడం నేర్పేది ఉద్యమమే.

"మీకు వ్యాపారం చేతకాదు"

ఇంకో మాట కూడా తేల్చాలి. దళితుడికి వ్యాపారం చేతకాదట. చరిత్ర తెలియనివాళ్ళు అనే మాట ఇది. తెల్లదొరల కాలంలో మద్రాసు రేవు నుంచి ఇంగ్లండుకు ఓడల కొద్దీ పోయిన సరుకుల్లో ఊనిన తోళ్ళు ఉన్నాయి. ఊళ్ళో చచ్చిన గొడ్డును మోసుకొచ్చి, తంగేడు చెక్కతో ఊని, మెత్తని తోలు చేసిన విద్య ఎవరిది? మాదిగలది. బావిలోంచి నీళ్ళు తోడే తోలు బానె కుట్టింది ఎవరు? వ్యవసాయమంతా ఆ తోలు మీద నిలబడింది. మరి ఆ తోలు విదేశాలకు పోయేటప్పటికి షాహుకార్లు ఎవరయ్యారు? మద్రాసు వర్తకులు, దొరల కంపెనీలు. విద్య తెలిసినవాడు తొట్టి దగ్గర కూలీగా మిగిలాడు. కులం పేరు చెప్పి ఊరవతల పెట్టారు, అదే కులం చేతి సరుకు అమ్మి మేడలు కట్టారు. మిరపలో ఇప్పుడు జరిగేది తోలులో జరిగిందానికి కొనసాగింపే.

చుండూరును గుర్తు చేసుకోండి. 1991 ఆగస్టు 6 ఊచకోతకు ముందు అక్కడ సాంఘిక బహిష్కారం పెట్టారు. బహిష్కారమంటే ఏంది? మనవాళ్ళను పనికి పిలవకపోవడం. అంటే కత్తి తీయక ముందు వాళ్ళు తీసిన ఆయుధం కూలి. ఏ ఊళ్ళో బహిష్కారం పెట్టినా దాంతోపాటే కొట్టులో ఉప్పూ పప్పూ అమ్మకం ఆపుతారు. కూలి, కొట్టు రెండూ ఒకే చేతిలో ఉన్నంతకాలం మన ఆత్మగౌరవం వాళ్ళ దయ మీద ఉంటుంది. అందుకే మేం కూలి గురించి ఎంత గట్టిగా మాట్లాడతామో, కొట్టు గురించి కూడా అంత గట్టిగా మాట్లాడుతున్నాం.

అట్లాగని నలుగురు దళిత కోటీశ్వరులు పుడితే చాలని మేం చెప్పం. 2005లో పుణెలో దళిత వ్యాపారుల చాంబర్ మొదలైంది. మనవాళ్ళు ఫ్యాక్టరీలు పెడితే సంతోషమే. కాని ఒకడు కారెక్కితే వంద మంది ట్రాక్టరు తొట్టి దిగరు. మన దారి ఉమ్మడి దారి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన ఆడవాళ్ళు రాష్ట్రమంతా సారా పాటలు ఆపించారు. మరుసటి ఏడు సర్కారే సారా ఎత్తేసింది. పొదుపు సంఘాల్లో మన ఆడవాళ్ళు రూపాయి రూపాయి లెక్క రాస్తూ ఏళ్ళు గడిపారు. బ్యాంకు అప్పు తప్పకుండా కట్టేది వాళ్ళే. తొడిమలు తీయడం, ఏరడం, ఎండబోయడం వచ్చిన ఆడవాళ్ళకు త్రాసు పట్టుకోవడం, బేరం చెయ్యడం రాదా? దారి ఇవ్వమనండి, చూద్దాం.

మనం అడిగేది ఇది

ఒకటి. కోతలు మొదలు కాకముందే ఊరి కూలి రేటు కాగితం మీద రాయాలి. ఆడకు మగకు ఒకటే కూలి. సమాన పనికి సమాన కూలి చట్టం 1976లోనే వచ్చింది. కిలో లెక్కన కోయించినా రోజు కూలి కంటే తగ్గకూడదు.

రెండు. కూలీలను తోలే బండికి పని పెట్టించుకునేవాడిదే పూచీ. ట్రాక్టరు తొట్టిలో మనుషుల్ని ఎక్కిస్తే కేసు. కోతకాలంలో ఆర్టీసీ బస్సులు తెల్లవారుజామునే నడపాలి. ప్రతి కూలికీ బీమా ఉండాలి. ఆ సొమ్ము ఎగుమతి వ్యాపారి, యార్డు కలిసి కట్టాలి.

మూడు. గోడౌన్లలో తొడిమలు తీసే ఆడవాళ్ళ పేర్లు రిజిస్టరులో ఎక్కాలి. గాలాడే షెడ్డు, ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగు, మరుగుదొడ్డి, మంచినీళ్ళు. పసిపిల్లలకు నీడ. ఇవి దయాధర్మాలు కావు, పనిచేసే చోట ఉండాల్సిన వసతులు.

నాలుగు. యార్డులో కమీషన్ కొట్ల లైసెన్సులు ఎన్ని, అందులో ఎస్సీలవి ఎన్ని? కోల్డ్ స్టోరేజీలు ఎన్ని, మనవాళ్ళవి ఎన్ని? లెక్క బయట పెట్టాలి. లెక్క తేలాక జనాభా దామాషాలో లైసెన్సులు, వాటితోపాటు పూచీ అడగని పెట్టుబడి ఇవ్వాలి. కుర్చీలో ఒక దళితుణ్ణి కూర్చోబెట్టి కొట్లన్నీ తమ దగ్గర ఉంచుకుంటే ఒప్పుకోం.

ఐదు. ఎడ్లపాడు మండలం వంకాయలపాడులో 124 ఎకరాల్లో స్పైసెస్ పార్కు పెట్టారు. అందులో దళిత మహిళా సంఘాలకు స్థలం, షెడ్డు, ఏరే యంత్రం, పరీక్ష చేయించుకునే హక్కు కావాలి. తొడిమ తీసే కూలి సంఘమే తొడిమ తీసిన కాయ అమ్మే సంఘం కావాలి.

ఆరు. కౌలుదారుకు యజమాని సంతకంతో పని లేకుండా కార్డు. ధర పడినప్పుడు వచ్చే తేడా డబ్బు పండించినవాడికే.

పని ఎక్కడ మొదలు పెట్టాలి?

సంఘం కార్యకర్తలకు ఒక మాట. ఉపన్యాసంతో మొదలు పెట్టొద్దు, పుస్తకంతో మొదలు పెట్టండి. ఈ కోతకాలంలో మీ పల్లె నుంచి ఎంతమంది ఏ చేలోకి పోయారు, ఏ బండిలో పోయారు, ఎన్ని గంటలు చేశారు, ఎంత ఇచ్చారు, రోజూ సాయంత్రం రాయండి. బడికి పోయే పిల్లల చేత రాయించండి. ఆ చేలో కాయ ఏ కొట్టుకు పోయిందో, ఆ కొట్టులో ఎవరు కొన్నారో, ఆ కొన్నవాడు ఏ దేశానికి పంపాడో హమాలీ తమ్ముళ్ళను అడగండి. వాళ్ళకు తెలియని గుట్టు యార్డులో లేదు. వాళ్ళు చెప్పగా మిగిలింది 2005 సమాచార హక్కు చట్టం కింద మార్కెట్ కమిటీని, స్పైసెస్ బోర్డును, బ్యాంకులను అడగండి. అర్జీకి రూపాయలు పదే. ఆ పది రూపాయల కాగితానికి వాళ్ళు ముప్పై రోజుల్లో జవాబివ్వాలి.

ఒక ఊరి పుస్తకం ఉంటే అది ఫిర్యాదు. ఇరవై ఊళ్ళ పుస్తకాలు ఒకచోట చేరితే అది బేరం. ఆ పుస్తకాలు పట్టుకొని మనం ఆసామి గడప దగ్గర కాదు, యార్డు గేటు దగ్గర కూర్చుందాం. కోతకాలంలో వారం రోజులు మన చేతులు కదలకపోతే కాయ చెట్టు మీదే రాలుతుంది. యార్డు ఖాళీ అవుతుంది, కంటైనరు ఖాళీ అవుతుంది, ఓడ రేవులో ఎదురుచూస్తుంది. విదేశీ కొనుగోలుదారు అప్పుడు అడుగుతాడు, పల్నాడులో ఏం జరిగిందని. అప్పుడు ఈ వ్యాపారంలో మనమూ ఉన్నామని లోకానికి తెలుస్తుంది.

ఆసియా ఎదుగుతోందంటే మన చేతుల మీద ఎదుగుతోంది. ఆ ఎదుగుదలలో మా వాటా ఏదని అడగడం నేరం కాదు, ద్రోహం కాదు. అడక్కపోవడమే మన బిడ్డలకు మనం చేసే ద్రోహం.

కోసిన చేతికి లెక్క కావాలి! కూలిలో న్యాయం, కొట్టులో వాటా కావాలి!

జై భీమ్!